లంక శేషమ్మగారితో ఫిల్మ్ నగర్‌లో నాలుగు రోజులు

హైదరాబాద్ నుంచి తిరిగొచ్చాక వారం రోజులపాటు మా వీధిలో అందరూ నన్ను అడిగింది ఒకటే: "ఫిల్మ్ నగర్‌లో ఎవర్ని చూశావు?" ఏ హీరోనో హీరోయిన్నో చూసి ఉంటానని వాళ్ళ ఆశ. నేను చూసింది ఒక హీరో కారును. అద్దాలు నల్లగా ఉన్నాయి. లోపల ఆయన ఉన్నాడో, డ్రైవరొక్కడే ఉన్నాడో తెలియదు. అంతకంటే చెప్పుకోదగ్గ మనుషులు ఆ నాలుగు రోజుల్లో కనిపించారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను కృష్ణా డెల్టా చివర్న ఒక చిన్న పట్నంలో కేబుల్ టీవీ వార్తలు చదువుతాను. చదవడం ఒక్కటే కాదు, కెమెరా పట్టుకునేదీ, రాసేదీ, వీడియో కత్తిరించేదీ నేనే. కేబుల్ చూసేవాళ్ళు తగ్గిపోయాక అవే వార్తల్ని చిన్న ముక్కలు చేసి ఫోన్లలోకి వదులుతున్నాను.

మా పట్నానికి ఎదురుగా, ఏటి నడుమ ఒక లంక ఊరుంది. మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ, గేదెల్నీ దాటించడానికి అక్కడ పంటు ఉండేది. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన పెద్ద రేవు పడవను మా వైపు పంటు అంటారు. దాన్ని నడిపే హక్కుకు ఏటా వేలం పాట పెడతారు. నిరుడు పాటకు వచ్చిన ఇద్దరూ రెండు వేర్వేరు పార్టీల మనుషులు. ఒకరికి దక్కనివ్వకుండా ఇంకొకరు కోర్టుకెళ్ళారు. దాంతో పంటు ఒడ్డుకెక్కి ఎండుతోంది. లంక జనం చేపలు పట్టే చిన్న నావల్ని బతిమాలుకుని దాటుతున్నారు.

ఒకరోజు ఆ రేవు చూడటానికి ఒక అధికారి వస్తే నేనూ కెమెరాతో వెళ్ళాను. "ఫైలు కదులుతోందమ్మా" అన్నాడాయన. అరవై ఏళ్ళు దాటిన ఒకావిడ జనంలోంచి ముందుకొచ్చింది. "ఫైలు కదిల్తే నాకేంటయ్యా, పంటు కదలాల గానీ! నీ ఫైలు మీదెక్కి ఏరు దాటమంటావా?" అని గట్టిగా అడిగింది. ఆవిడే శేషమ్మగారు. ఆ నలభై సెకన్ల ముక్కను ఫోన్లోకి వదిలాను. రెండు రాష్ట్రాలూ చుట్టేసింది. పరీక్ష ఫలితాలు రాకపోయినా, ట్రాఫిక్ ఆగిపోయినా, పెళ్ళి సంబంధం తేలకపోయినా కుర్రకారు ఆవిడ గొంతే పెట్టి వీడియోలు చేశారు.

అప్పుడు జూబ్లీహిల్స్‌లోని ఒక వార్తా చానల్ నుంచి ఫోనొచ్చింది. ఆవిడను తీసుకుని రమ్మన్నారు. ఏటి ఊళ్ళ కష్టాల మీద చర్చ పెడతామన్నారు. లంకకు వెళ్ళి అడిగితే శేషమ్మగారు ఒక్కటే అడిగారు.

"వత్తే పంటు వత్తదా అమ్మాయ్?"

"రావచ్చు పెద్దమ్మా" అన్నాను.

మధురానగర్

చానల్ వాళ్ళు మాకు మధురానగర్‌లో ఒక గది ఇచ్చారు. వీధి నిండా హాస్టళ్ళు, జిరాక్సు షాపులు, పచ్చళ్ళ కొట్లు. ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు. మా ఊళ్ళో ఇరవై. ఇక్కడ అల్లప్పచ్చడి అడిగితే ఇంకో గిన్నెడు పోశారు కాబట్టి నేనేమీ అనుకోలేదు.

శేషమ్మగారికి అన్నిటికంటే వింతగా తోచింది కర్రీ పాయింట్. సాయంత్రమయ్యేసరికి జనం వరసలో నిలబడి బెండకాయ వేపుడు, పప్పు, సాంబారు పొట్లాలు కట్టించుకుని పోతున్నారు. ఆవిడ చాలాసేపు గుమ్మం పక్కన నిలబడి చూశారు.

"అన్నం ఇంట్లో వండుకుని కూర కొనుక్కోటమేంటి? అంత తీరిక లేదా వీళ్ళకి?"

కొట్టు నడిపేది పాలకొల్లు నుంచి వచ్చిన ఒకావిడ. గరిట ఆపకుండానే జవాబిచ్చింది. "మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పొద్దున్నే పోతారు పిన్నిగారూ. వచ్చేసరికి కుక్కర్ పెట్టే ఓపికే ఉంటుంది. వాళ్ళకా ఓపిక ఉంటే నేనెలా బతకనండీ?" అంటూ తలెత్తి చూసి గరిట వదిలేసింది. "అయ్యో, మీరు ఫైలు మామ్మగారు కదూ!"

పది నిమిషాల్లో వీధిలో సగం మంది చేరారు. సెల్ఫీలు తీసుకున్నారు. "ఒక్కసారి ఆ డైలాగు చెప్పండి మామ్మగారూ" అన్నారు. శేషమ్మగారు చెప్పారు. అందరూ విరగబడి నవ్వారు. మొదటిసారి ఆవిడ కూడా నవ్వారు. రెండోసారి చెప్పి ఊరుకున్నారు. మూడోసారి అడిగితే మా గదివైపు నడిచారు. కర్రీ పాయింట్ ఆవిడ పప్పు పొట్లానికి ఎంత చెప్పినా డబ్బు తీసుకోలేదు.

గదిలో మంచం మీద కూర్చుని, "ఎందుకు నవ్వుతున్నారు అమ్మాయ్?" అని అడిగారు శేషమ్మగారు.

"మీరు బాగా అడిగారని పెద్దమ్మా."

నేను దీపం ఆర్పేశాను. నా జవాబు నాకే నచ్చలేదు.

జూబ్లీహిల్స్

మర్నాడు పొద్దున చానల్ కారొచ్చింది. నడిపేది నర్సింలు. నలభై అయిదేళ్ళుంటాయి. మెదక్ వైపు మనిషి, ఎర్రగడ్డలో కిరాయి ఇంట్లో ఉంటాడు. చర్చలకు వచ్చే నాయకుల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకోవడం, దింపడం అతని పని.

"నేను తోల్కొచ్చినోళ్ళనే మళ్ళ టీవీల చూస్త మేడం" అన్నాడు. "స్టూడియోల కూసుంటే గల్లాలు పట్టుకునేటట్టు కొట్లాడ్తరు. బయటికొచ్చి ఇద్దరు ఒక్క కార్లనే ఎక్కుతరు. చాయ్ ఏడ మంచిగుంటదని నన్నే అడుగుతరు."

చెక్‌పోస్టు దాటి కొండెక్కేసరికి వీధుల్లో సందడి తగ్గిపోయింది. ఇద్దరు మనుషులెత్తు గోడలు, వాటి మీంచి వేలాడే కాగితపు పూల తీగలు, గేటుకో కాపలా మనిషి, ఫుట్‌పాత్ మీద ఖరీదైన కుండీలు. ఫుట్‌పాత్ మీద మనుషులు మాత్రం లేరు.

"ఇందులో ఎంతమంది ఉంటారు బాబూ?" అని ఒక మేడను చూపించి అడిగారు శేషమ్మగారు.

"అండ్ల ముగ్గురుంటరమ్మా. పని చేసెటోళ్ళు పదకొండు మంది."

చానల్ ఆఫీసు ముందు కారు దిగుతుంటే నా చెప్పు తెగింది. కుట్టేవాళ్ళు ఎక్కడ దొరుకుతారని అడిగితే నర్సింలు నవ్వాడు. "గీడ చెప్పులు కుట్టెటోడు ఎందుకుంటడు మేడం? నడిచెటోళ్ళుంటే కద." ఆ రోజంతా పిన్నీసు పెట్టుకుని, కాలీడ్చుకుంటూ, అద్దంలా మెరిసే నేల మీద తిరిగాను.

లోపల మమ్మల్ని కలిసింది కార్యక్రమం చూసుకునే అమ్మాయి, కావ్య. ముప్పై ఏళ్ళలోపే. భీమవరం పిల్ల. చేతిలో రెండు ఫోన్లు, మెళ్ళో కార్డు. శేషమ్మగారి కాళ్ళకు దణ్ణం పెట్టింది. నిజంగానే పెట్టింది, నటన కాదు.

"అమ్మా, ఆ వీడియో మా ఇంట్లో అందరికీ ఫేవరెట్. రేపు లైవ్‌లో సేమ్ ఎనర్జీ కావాలి. ఎదురుగా వాళ్ళ పార్టీ అధికార ప్రతినిధి ఉంటాడు. ఆయన్ని వదలొద్దు."

"ఆయనెవరు?" అన్నారు శేషమ్మగారు.

"మీ పంటు ఆపించినవాళ్ళ పార్టీ."

"ఆపింది ఇద్దరమ్మా. ఒకడు అటోడు, ఇంకోడు ఇటోడు."

కావ్య నావైపు తిరిగింది. గొంతు తగ్గించి, "అక్కా, రెండు సైడ్లూ అంటే మాకు స్టోరీ ఉండదు. మా చానల్ సంగతి మీకు తెలుసు కదా" అంది. తెలుసు. మా ఊరి టీ కొట్టులో కూర్చుని రిమోట్ నొక్కే ప్రతివాడికీ తెలుసు, ఏ చానల్ ఏ పార్టీదో. చిన్నదైనా నా కేబుల్‌కూ ఆ బాధ ఉంది. మా ఎమ్మెల్యే పుట్టినరోజు వార్త వెయ్యకపోతే ఆ సాయంత్రమే ఎవరో ఒకరు వైరు కత్తిరిస్తారు. కాబట్టి ఆ అమ్మాయిని తప్పు పట్టబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం పక్క వీధిలో కాఫీ తాగుదామని వెళ్ళాం. చిన్న కప్పు రెండొందల ఎనభై. శేషమ్మగారు ధర విని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మళ్ళీ కూర్చోబెట్టడానికి అబద్ధమాడాను, చానల్ వాళ్ళు ఇస్తారని.

తిరిగొచ్చేసరికి ఆఫీసంతా పరుగులు. ఎవరో పెద్ద నటుడు పార్టీ పెడతాడనో, ఉన్న పార్టీలో చేరతాడనో కబురొచ్చిందట. కెమెరాలన్నీ ఆయన ఇంటి గేటు దగ్గరికి వెళ్ళిపోయాయి. గేటు తెరుచుకుంటుందా లేదా అన్నదే ఆ రోజు వార్త. తెరపైన గంటలకొద్దీ మూసి ఉన్న గేటు చూపించారు. మా చర్చ రేపు కాదు, ఎల్లుండికి మారింది.

ఫిల్మ్ నగర్

ఖాళీగా దొరికిన మూడో రోజు నర్సింలు మమ్మల్ని ఫిల్మ్ నగర్ తీసుకెళ్ళాడు. "మా వదిన ఆడనే ఉంటది. సిన్మాలల్ల చేస్తది. చూద్దురు రాండ్రి" అన్నాడు.

దారిలో టీ కోసం ఆగాం. అక్కడి టీ కొట్టు దగ్గర అందరి నోటా కథలే. ఒకాయన గ్లాసు పట్టుకుని ఇంటర్వెల్ సీను చెబుతున్నాడు, వినేవాడు ఫోను చూసుకుంటున్నాడు. ఆ గుంపులోంచి గడ్డం మాసిన ఒక మనిషి శేషమ్మగారిని గుర్తుపట్టి లేచొచ్చాడు. తనొక కో-డైరెక్టర్నని చెప్పుకున్నాడు.

"అమ్మా, మీకోసమే ఒక సీను రాశామండీ. పడవ మీద హీరోని ఉతికి ఆరేసే మామ్మ. రెండు రోజుల పని. అన్నీ మేమే చూసుకుంటాం."

శేషమ్మగారికి ఆసక్తి పుట్టింది. "పడవంటే మామూలు నావా, పంటా?"

"పంటేనండీ. సెట్ వేస్తాం. ఊరి చివర చెరువులో."

"ఎన్నాళ్ళకి కడతారు?"

"అదెంత పనండీ, మూడ్రోజులు."

"మూడ్రోజులు" అని మెల్లగా అన్నారావిడ. "అయిపోయాక ఏం చేత్తారు దాన్ని?"

"విప్పేస్తామండీ."

శేషమ్మగారు టీ తాగడం ఆపి అతని ముఖంలోకి చూశారు. కోపంగా కాదు. ఏ కర్ర వాడతారు, ఎంతమంది కడతారు, బరువు ఆగుతుందా అని ఇంకా చాలా అడిగారు. అతను పాపం తెలిసినంత చెప్పాడు. ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళాడు. ఆవిడ ఆ చీటీని నాకిచ్చేశారు.

నర్సింలు వదిన అంజమ్మ ఇల్లు మేడల వెనక రాతి వాలు మీద ఉంది. మెట్లెక్కి వెళ్ళాలి. మెట్లకు రెండు పక్కలా నీలం డ్రమ్ములు, వాటి మీద పేర్లు. రెండు రోజులకొకసారి నీళ్ళొస్తాయట. వాళ్ళ వాకిట్లో నిలబడితే కింద ఎవరిదో బంగళా, పచ్చిక మీద చిమ్ముతున్న నీళ్ళు కనిపించాయి.

"మాకు చుట్టూ నీళ్ళే, దాటలేం" అన్నారు శేషమ్మగారు. "మీకేమో నీళ్ళే లేవు."

"ఎలక్షన్లప్పుడు వస్తయ్ అక్కా" అంది అంజమ్మ. "అప్పుడు దినాం వస్తయ్."

అంజమ్మకు యాభై ఏళ్ళుంటాయి. ఇరవై ఏళ్ళుగా గుంపులో నిలబడే వేషాలు వేస్తోంది. సంతలో బేరం చేసే ఆడది, పెళ్ళిలో అక్షింతలు చల్లే ఆడది, శవం దగ్గర ఏడ్చే ఆడది. టీవీ షోల్లో ప్రేక్షకురాలిగానూ కూర్చుంటుంది. పార్టీల మీటింగులకూ వెళ్తుంది.

"షూటింగుకు తీస్కపోయే బస్సే మీటింగుకూ తీస్కపోతది. గదే బస్సు, గదే మేస్త్రి. చప్పట్లు కొట్టుమంటే కొడ్త, ఏడువుమంటే ఏడుస్త. పొద్దుగాల ఒక కండువా, పొద్దుమూకి ఇంకో కండువా." అని నవ్వింది. "గట్ల చూడకు చెల్లె. ఓటు మాత్రం నాదే."

మాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పులుసంటే కాగాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి, పొయ్యి మీద పెట్టకుండానే పోసింది. నేను ముందు భయపడి, తరవాత మూడుసార్లు వేయించుకున్నాను. శేషమ్మగారు రొట్టె చేసే తీరు చూసి తానూ ఒకటి తట్టబోయారు. అది పెనం మీద మూడు ముక్కలైంది. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు.

అన్నాలయ్యాక అంజమ్మ మామూలుగా అడిగింది. "మీ ఆయన ఏం చేస్తడక్కా?"

"పోయాడు. నిరుడు."

"అయ్యో. ఎట్ల?"

శేషమ్మగారు కొంగు సర్దుకుని చెప్పారు. భర్త పేరు వీరాస్వామి. పసుపు, అరటి వేసేవాడు. తెల్లవారుజామున నాలుగింటికి గుండెల్లో నొప్పని లేచాడు. కొడుకూ, పక్కింటివాళ్ళూ మంచంతో సహా రేవుకు మోసుకొచ్చారు. పంటు ఒడ్డున ఉంది, దాని మీద గొలుసు, గొలుసుకు తాళం. అవతలి ఒడ్డున ఆసుపత్రి బండి వచ్చి నిలబడింది. దాని లైటు కనిపిస్తూనే ఉంది. ఇటునుంచి కేకలేశారు. చేపల నావ రావడానికి తెల్లారింది. ఆయన అప్పటికే మాట్లాడటం మానేశాడు.

"ఆ లైటు అట్టా తిరుగుతానే ఉంది" అన్నారు. "అదే చూశాడు ఆయన పోయేదాకా."

అంజమ్మ చేయి ఆవిడ మోకాలి మీద వేసింది. మెల్లగా అంది, "ఫోన్ల గిదంతా లేదు కదక్కా. నేను మస్తుసార్లు చూసిన. నవ్వులాటకే అన్నవనుకున్న."

శేషమ్మగారు నావైపు తిరిగారు. "నేను చెప్పాను కదమ్మాయ్ ఆ రోజు? నీ కెమెరా ముందరే చెప్పాను."

చెప్పారు. అధికారిని అడిగిన వెంటనే, అదే చోట నిలబడి, మొత్తం చెప్పారు. నా దగ్గర పన్నెండు నిమిషాల వీడియో ఉంది. అందులోంచి నలభై సెకన్లు తీసింది నేనే. ఏడుపుంటే ఎవరూ చివరిదాకా చూడరని, తిట్టుంటే చూస్తారని, పదహారేళ్ళ అనుభవంతో తీశాను.

అదే చెప్పాను.

శేషమ్మగారు కోప్పడితే బాగుండేది. "నేను అంతే పట్టుద్దేమో అనుకున్నా అమ్మాయ్, ఫోన్లో" అన్నారు.

కిందికి దిగేటప్పుడు ఆవిడ నా చేయి పట్టుకోలేదు. పొద్దున ఎక్కేటప్పుడు పట్టుకున్నారు. నర్సింలుకు ఏదో అర్థమైంది. మమ్మల్ని తిన్నగా గదికి చేర్చాడు.

స్టూడియో

నాలుగో రోజు పొద్దున గదిలోనే చెప్పాను, "ఇష్టం లేకపోతే వెళ్ళిపోదాం పెద్దమ్మా" అని.

"ఎందుకు పోతాం? చెప్పటానికే కదా వచ్చింది" అన్నారు. అప్పటికే ఊదారంగు మంగళగిరి చీర కట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

మేకప్ గదిలో కావ్య ఆ చీర చూసి కాస్త ఇబ్బంది పడింది. "అమ్మా, వీడియోలో కట్టుకున్న పాత చీర తేలేదా? జనం గుర్తుపట్టాలి కదా. మా దగ్గర ఒక నేత చీర ఉంది, కొంచెం వెలిసినట్టు..."

"మీ అమ్మ ఊరెళ్తే ఏం చీర కట్టుద్ది?" అన్నారు శేషమ్మగారు.

కావ్య ఆ వెలిసిన చీరను మళ్ళీ హేంగరుకు తగిలించింది.

నన్ను అద్దం వెనక గదిలో నిలబడనిచ్చారు. ముప్పై తెరలు, ముందు కూర్చుని మీటలు నొక్కేవాళ్ళు. లోపల బల్ల చుట్టూ యాంకరు, ఎదురు పార్టీ ప్రతినిధి, ఒక విశ్లేషకుడు, చివరి కుర్చీలో శేషమ్మగారు. ఏసీకి చేతులు దగ్గరగా ముడుచుకున్నారు. మొదటి పావుగంట ముగ్గురు మగవాళ్ళూ ఒకేసారి అరిచారు. ఆవిడ ఒకరి తరవాత ఒకరి నోరు చూస్తూ కూర్చున్నారు, పిల్లల ఆట చూసినట్టు.

చివరికి యాంకరు తిరిగాడు. "శేషమ్మగారూ! ఆ రోజు అధికారిని కడిగిపారేశారు. ఈ రోజు అసలు మనిషే మీ ముందున్నారు. అడగండి!"

తెర మీద పెద్దక్షరాలు పడ్డాయి, మామ్మ మళ్ళీ గర్జిస్తుందని.

"ఈ బాబెవరో నాకు తెలవదు" అన్నారు శేషమ్మగారు. గొంతు పెంచలేదు. "ఈయన్ని తిడితే నాకేం వత్తది? మా ఆయన పేరు వీరాస్వామి. మీరెవరూ అడగలేదు, నేనే చెప్తన్నా." ఆ తెల్లవారుజామున జరిగింది చెప్పారు. గొలుసు, తాళం, అవతలి లైటు. మీటలు నొక్కేవాళ్ళలో ఒకతను చేయి ఆపేశాడు. "ఆ తాళం వేయించింది ఒకడు కాదు. ఇద్దరు. ఒకడు ఈ బాబు పార్టీ. ఇంకోడు మీ..."

యాంకరు చెవిలో ఎవరో ఏదో అన్నారు. "చిన్న విరామం" అన్నాడు.

విరామం తరవాత తెర మీద మళ్ళీ నటుడి గేటు వచ్చింది. ఈసారి గేటు తెరుచుకుంది. లోపలికి కూరగాయల ఆటో వెళ్ళింది.

నడవాలో కావ్య మాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పైనుంచి మాటలు పడ్డట్టున్నాయి. "లైవ్‌లో వెళ్ళినంత వెళ్ళింది అక్కా. మళ్ళీ వెయ్యరు. నెట్‌లో కూడా పెట్టరు." తరవాత శేషమ్మగారితో, "మా నాన్నని కూడా అలాగే తీసుకెళ్ళామమ్మా, గోదావరి దాటి. మాకు పంటు దొరికింది" అంది.

శేషమ్మగారు ఆ పిల్ల తల నిమిరారు.

ఎర్రగడ్డ

రైలుకు ఇంకా టైముందని నర్సింలు చానల్ కారు అప్పగించేసి, మెట్రోలో మమ్మల్ని తన ఇంటికి తీసుకెళ్ళాడు. ఎర్రగడ్డ మెట్రో దగ్గర దిగి, కూరగాయల బజారు పక్కనుంచి సందులోకి. జూబ్లీహిల్స్ నుంచి వస్తే ఇక్కడ మనుషులు ఒకరి మీద ఒకరు పడుతున్నట్టుంటారు. నా చెప్పు కుట్టేవాడు మూడో అడుగులోనే దొరికాడు. నర్సింలు భార్య మాకు చాయ్ పెట్టింది. ఒకటే గది, గోడకు టీవీ. ఆమె మేం వచ్చిన చర్చ చూసింది. "గంతల్నే ఆపిండ్రేంది?" అని మొగుణ్ణే నిలదీసింది, అతనే ఆపినట్టు.

అక్కడే, ఆ చాప మీద కూర్చుని, నేను ఫోను తీసి శేషమ్మగారి చేతికిచ్చాను. పన్నెండు నిమిషాల వీడియో చెరపకుండా దాచుకున్నాను. ఎందుకు దాచుకున్నానో నాకే సరిగ్గా తెలియదు.

"చూడండి పెద్దమ్మా. ఏది ఉంచమంటే అదే ఉంచుతాను."

ఆవిడ తన మాటల్ని మొదటిసారి పూర్తిగా విన్నారు. నర్సింలు గుమ్మంలో నిలబడ్డాడు. అతని భార్య స్టవ్ ఆపేసింది.

"ఇక్కడ దగ్గొచ్చింది. ఇది తీసెయ్" అన్నారు మధ్యలో. అయిపోయాక కొంచెం ఆలోచించి, "ఆయన పేరు చెప్పలేదు నేను. కంగారులో మర్చిపోయాను. పేరు రాసి పెట్టు కింద."

"మరి ఫైలు మాట?"

"ఉంచు. అన్నాను కదా."

దగ్గు తీసేసి, కింద 'వీరాస్వామి, పసుపు రైతు' అని రాసి, వదిలాను. బయల్దేరేటప్పుడు సందు మలుపు దగ్గర మేమెక్కిన ఆటో గుంతలో పడి ఎగిరింది. శేషమ్మగారు నా చేయి పట్టుకున్నారు. స్టేషను దాకా వదల్లేదు.

తిరిగొచ్చాక

పూర్తి వీడియోను పాతదానిలో వందో వంతు మంది కూడా చూడలేదు. చూసినవాళ్ళలో మా డివిజన్ అధికారి ఉన్నాడో, ఆయన పైవాళ్ళున్నారో, లేక కోర్టులోనే ఏదన్నా జరిగిందో నాకు తెలియదు. అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నెల తిరక్కముందే, కేసు తేలేదాకా రేవులో సర్కారే ఒక ఇంజను పడవ నడపాలని ఉత్తర్వు వచ్చింది.

ప్రారంభం రోజున పాటకు పోటీ పడ్డ ఇద్దరూ వచ్చారు. ఇద్దరూ తమవల్లే వచ్చిందన్నారు. ఇద్దరూ శేషమ్మగారితో ఫొటో కావాలన్నారు. ఆవిడ ఇద్దరితోనూ దిగారు, చెరో పక్కా నిలబెట్టుకుని. ఆ లంకలో ఆ ఇద్దరూ ఒకే ఫొటోలో ఉండటం అదే మొదలు.

అప్పుడు అధికారి కాగితం చదివాడు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పడవ తిరుగుతుందన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన వెనుదిరగబోతుంటే శేషమ్మగారు ముందుకొచ్చారు. నేను కెమెరా ఎత్తాను. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు కూడా ఫోన్లు ఎత్తారు, ఏదో తిట్టు పడుతుందని.

"ఇంకేం కావాలమ్మా?" అన్నాడు అధికారి, కొంచెం జంకుతూ.

"రాత్రి కావాల బాబూ" అన్నారావిడ. "మా ఆయనకి నొప్పొచ్చింది తెల్లారుజామున నాలుగింటికి. ఈ కాగితం అప్పుడున్నా ఆయన బతికేవోడు కాదు."

అధికారి ఆ కాగితాన్ని మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి అంచున ఏదో రాసుకున్నాడు. నేను ఆ మాట ముందూ వెనకా ఏమీ కత్తిరించకుండా ఆ సాయంత్రమే వేశాను.

రెండో ఉత్తర్వు రావడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది. ఇప్పుడు పడవను రాత్రిపూట లంక వైపే కడుతున్నారు. నడిపే మనిషి రేవు పాకలోనే పడుకుంటాడు. నేనిది రాసేనాటికి ఆ పడవ చీకట్లో రెండుసార్లు ఏరు దాటింది. ఒకసారి తేలు కుట్టిన కూలీ కోసం, ఒకసారి నొప్పులొచ్చిన అమ్మాయి కోసం. కూలీ మూడో రోజుకు పనిలోకి వెళ్ళాడు. అమ్మాయికి ఆడపిల్ల.